గోడ వెనక గాలి

నూజివీడు, హాస్టల్
ఏప్రిల్ 4

ప్రియమైన అమ్మకి,

నిన్న ఫోన్‌లో పావుగంట సేపు నా ప్రాజెక్టు గురించి చెప్పాను. అంతా విని చివరికి నువ్వు, "సరేలే, పచ్చడి పంపిస్తాను" అన్నావు. నా గదిలో ఉండే శ్రీరమ్య ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. జ్వరంలో నీ చెవి దెబ్బతిన్నప్పటి నుంచి ఫోన్ మన మధ్య పనికిరాకుండా పోయింది. అందుకే ఇకమీదట ఉత్తరాలు రాస్తాను. చాట్రాయి బస్సు కండక్టర్ సలోమోను గారు కవరు తీసుకెళ్ళి మన తోట గేటు దగ్గర ఇస్తానన్నారు. "ఉత్తరానికి టికెట్టు ఉండదమ్మా, మీ అమ్మగారు ఒక కాయ ఇస్తే చాలు" అన్నారు.

నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ల్యాబ్‌లో కూర్చున్నా, మెస్‌లో కూర్చున్నా, ఈ సంగతిని తెలుగులో ఎలా చెప్పాలా అనే ఆలోచనే. ఉదాహరణకి, ఎదురుగా ఉన్న వస్తువును గాలి తన దారిన తోసుకుపోయే బలాన్ని మా పుస్తకంలో డ్రాగ్ అంటారు. నేను దాన్ని "ఈడ్పు" అని రాసుకుంటున్నాను. బాగుంది కదా?

మా పని ఏంటంటే, కంప్యూటర్‌లో ఒక వస్తువు బొమ్మ గీస్తాం. దాని చుట్టూ ఉన్న గాలిని లక్షల చిన్న గళ్ళుగా కోస్తాం. గాలి ఎటునుంచి ఎంత వేగంగా వస్తుందో చెప్తాం. సాఫ్ట్‌వేర్ ఒక్కో గడిలో గాలి ఎటు పోతుందో, ఎంత నొక్కుతుందో లెక్క కడుతుంది. ఏ వస్తువు మీద, ఏ దిక్కులో బలం కావాలో అడిగితే ఒక అంకె ఇస్తుంది. ఒక్కోసారి ఆరేడు గంటలు పడుతుంది. అంతసేపూ తెర మీద గీతలు కిందికి దిగుతుంటాయి. అవి దిగుతుంటే నాకు అన్నం కూడా గుర్తుండదు. (కోప్పడకు, తింటున్నాను.)

మొన్న ప్రాక్టీసుకి ఒక కారు బొమ్మ ఇచ్చారు. నాకు ఈడ్పు మైనస్‌లో వచ్చింది. అంటే, ఎదురుగాలే కారును ముందుకు లాక్కుపోతోందని! మా కాత్యాయని మేడమ్ చూసి, "నీ కారుకి పెట్రోలు అక్కర్లేదు ప్రవల్లికా, ఎవరికైనా అమ్ముకో" అన్నారు. క్లాసంతా నవ్వారు. నేను సాఫ్ట్‌వేర్‌కి దిక్కు తిరగేసి ఇచ్చానట. ఆ రోజే నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్నాను: ఈడ్పు మైనస్ వస్తే దిక్కు తప్పు.

ఇప్పుడు ప్రాజెక్టుకి ఎవరి సమస్య వాళ్ళే తెచ్చుకోవాలి. అందరూ విమానం రెక్కలు తీసుకుంటున్నారు. నేను మన మామిడి తోట తీసుకున్నాను. పడమటి వైపు సరుగుడు చెట్లు కొట్టించి సిమెంటు పలకల గోడ కట్టించావు కదా, ఆ గోడ వెనక చెట్ల మీద గాలి ఎంత బలంగా కొడుతుందో చూస్తాను. గోడ ఎత్తు, వరుసకీ వరుసకీ ఎడం, చెట్టు ఎత్తు, తల వెడల్పు కొలిచి పంపవా?

నీ
ప్రవల్లిక


చాట్రాయి, తోట
ఏప్రిల్ 10

ప్రియమైన అమ్మలూ,

ఉత్తరం అందింది. ఒక కాయ అన్న సలోమోను నాలుగు పట్టుకుపోయాడు. నువ్వు గాలిని కోస్తున్నావని చదివి నవ్వొచ్చింది. ఇక్కడ కాయ కోసే మనుషులే దొరకడం లేదు.

కొలతలు ఇవిగో. గోడ పది అడుగులు. గోడకి మొదటి వరుస తొమ్మిది అడుగుల దూరం. వరుసకీ వరుసకీ పదహారు అడుగులు. చెట్లు చిన్నవే కదా, తొమ్మిది అడుగులకి మించి లేవు. తల ఆరు, ఏడు అడుగుల వెడల్పు. నేను టేపు ఒక చివర పట్టుకుంటే సువర్ణరాజు రెండో చివర పట్టుకున్నాడు. "పాప చదువుకి మన తోట కావాల్సొచ్చిందా అమ్మగారూ" అని మురిసిపోయి ప్రతి చెట్టూ రెండుసార్లు కొలిపించాడు.

అది మంగళవారం. బుధవారం సాయంత్రం నాలుగింటికి గాలివాన వచ్చింది. పడమట నుంచి ఒక్క ఊపున వచ్చి, అరగంటలో వెళ్ళిపోయింది. గోడ పక్క నాలుగు వరుసల్లో రెమ్మలు విరిగి బంగినపల్లి కాయ నేలంతా పరుచుకుంది. మన పద్ధతి నీకు తెలుసు. చెట్టు మీదున్న కాయ ఈ ఏడాది కాపు కొన్న వెంకట రమణ గారిది. గాలికి రాలింది కావలి కాసేవాళ్ళది. మా నాన్న రోజుల నుంచీ అంతే. సువర్ణరాజూ వాళ్ళావిడ భారతీ కలిసి పదకొండు గంపలు ఏరి షెడ్డులో పెట్టుకున్నారు.

గురువారం రమణ గారొచ్చారు. వరుసల్లో తిరిగి నన్ను పిలిచారు. "చూడండి పుష్పవతి గారూ, గాలి ఎటునుంచి వచ్చింది?" అన్నారు. పడమట నుంచి అన్నాను. "మరి విరిగిన రెమ్మలన్నీ ఎటు వాలాయి?" అన్నారు. చూస్తే అన్నీ పడమటికే వాలి ఉన్నాయమ్మా. గోడవైపుకే. "గాలి విరిచిన కొమ్మ గాలికి ఎదురు పోతుందా? ఎవరో గోడ వైపు నిలబడి పట్టుకు లాగారు. ఇది రాలిన కాయ కాదు, రాల్చిన కాయ" అన్నారు.

సువర్ణరాజు, "గోడ దాటిన గాలి వెనక్కి తిరిగొచ్చి కొట్టిందండీ. నేను షెడ్డులోంచి చూశాను" అన్నాడు. రమణ గారి మనుషులు ఒకటే నవ్వు. "వెళ్ళిన గాలి తిరిగి రావడానికి అదేమన్నా చాట్రాయి బస్సా?" అన్నాడొకడు.

పన్నెండేళ్ళ నుంచి చూస్తున్న మనిషి. కానీ ఆ రెమ్మలు చూస్తే నాకూ తల తిరిగిపోతోంది. మీ నాన్నేమో ఉంగుటూరులో వరి కోతల్లో ఉన్నారు, అడుగుదామంటే "తోట నీది, నువ్వే చూసుకో" అంటారు. సువర్ణరాజు ఉంటే వచ్చే ఏడాది ఈ తోట తీసుకోనని రమణ గారు తెగేసి చెప్పారు. పంతొమ్మిదో తారీఖు ఆదివారం అందరం షెడ్డులో కూర్చుని తేల్చుకుందాం అన్నాను. పాప లెక్క కడుతోంది, దాన్నే అడుగుతానని కూడా అన్నాను.

ఒక్క సంగతి చెప్పు చాలు. పడమటి గాలి వస్తే ఆ చెట్లని ఎటు తోస్తుంది?

మీ అమ్మ


నూజివీడు
ఏప్రిల్ 16

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి వేరే పని చేయలేదు. సువర్ణరాజు మావయ్య మీద అంత మాట అన్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు. అదే సమయంలో, నా లెక్క మీద ఒక మనిషి సంగతి ఆధారపడిందంటే ఒళ్ళు జలదరించింది. భయమో, గర్వమో తెలీలేదు. రెండూ కావచ్చు.

చెట్టును కర్ర మీద నిలబెట్టిన బంతిలా గీశాను. ఎనిమిది వరుసలు. ముందర గోడ. గాలి పడమట నుంచి గంటకి తొంభై కిలోమీటర్లు. మెష్, అంటే ఆ గళ్ళ అల్లిక, మూడుసార్లు చెడిపోయింది. నాలుగోసారి లెక్క మొదలుపెడితే ఏడు గంటలు పట్టింది.

జవాబు: రెండో వరుసలో ఒక్కో చెట్టు మీద ముప్ఫై నాలుగు న్యూటన్ల ఈడ్పు. మూడున్నర కిలోల బరువు ఎంత నొక్కుతుందో సుమారు అంత. తూర్పుకి.

కానీ ఒక చిక్కు ఉంది, నీకు చెప్పాలి. మొదట నాకు ఆ అంకె మైనస్‌లో వచ్చింది, అంటే పడమటికి. మొదటి నాలుగు వరుసలకీ మైనస్సే. ఐదోది దాదాపు సున్నా, ఆరో వరుస నుంచి ప్లస్. కారు దగ్గర నేర్చుకున్నది గుర్తొచ్చి, మైనస్ ఉన్నచోటల్లా తీసేశాను. దిక్కు తప్పు ఇచ్చి ఉంటే అన్ని వరుసలూ తప్పాలి, నాలుగే ఎందుకు తప్పాయో నాకు అర్థం కాలేదు. మేడమ్ ఊళ్ళో లేరు, ఆవిడకి చూపించేదాకా ఈ జవాబు మీద ఎవరినీ ఏమీ అనొద్దు.

ఒక పక్క పడమటి గాలి తూర్పుకే తోయాలని చిన్నపిల్లలకైనా తెలుసు. ఇంకో పక్క మావయ్య అబద్ధం ఆడతాడంటే మనసు ఒప్పుకోదు. రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి? రాత్రి ఈ వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసి చూశాను. ఎలా రాసినా చివర ప్రశ్నార్థకమే మిగిలింది.

అర్థం కాని
ప్రవల్లిక


చాట్రాయి
ఏప్రిల్ 21

అమ్మలూ,

ఆదివారం అయిపోయింది.

రమణ గారు, ఆయన మనుషులు ఇద్దరు, పక్క తోటల వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. సువర్ణరాజు షెడ్డు గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. భారతి గంపల దగ్గర ఉంది. నీ ఉత్తరం నేనే పైకి చదివాను. ముప్ఫై నాలుగు, న్యూటన్లు, తూర్పు అని చదివేసరికి రమణ గారు చేతులు రెండూ చాపి, "ఇంకేముందండీ! కంప్యూటరే చెప్పింది" అన్నారు.

సువర్ణరాజు, "పాప రాసిందా అమ్మగారూ?" అని అడిగాడు.

అవునన్నాను.

"పాప రాస్తే ఇంక నేనేం చెప్తానండీ" అన్నాడు. మోటారు షెడ్డు తాళం, గేటు తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను వెళ్ళమని అనలేదు. ఉండమనీ అనలేదు. సాయంత్రానికి సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. పదకొండు గంపలూ రమణ గారి ట్రాక్టరు ఎక్కాయి.

నీ లెక్క పనికొచ్చిందని మీ మేడమ్‌కి చెప్పు. వేళకి తిను. ఇంకా ఏదో రాయాలని గంట నుంచి కలం పట్టుకు కూర్చున్నాను. ఏం రాయాలో తెలీడం లేదు. తోటలో మనిషి అలికిడి లేకపోతే ఇంత పెద్దదిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీలేదు.

అమ్మ


నూజివీడు
ఏప్రిల్ 28

ప్రియమైన అమ్మకి,

నేను తప్పు చేశాను. ముందు అది రాసేస్తున్నాను. లేకపోతే మాటలు వెతుక్కుంటూ కాగితం నింపేస్తాను.

నిన్న కాత్యాయని మేడమ్‌కి ప్రాజెక్టు చూపించాను. అంకెల పట్టిక చూసి తలూపారు. తర్వాత గాలి పోయే దిక్కును బాణాలుగా చూపించే బొమ్మ తెరవమన్నారు. నేను ఆ బొమ్మ అప్పటిదాకా తెరవలేదమ్మా. అంకె వచ్చింది కదా అని అక్కడే ఆగిపోయాను.

తెర మీద గాలి పడమట నుంచి వచ్చి గోడను కొట్టి పైకి ఎగిరింది. గోడ దాటి చాలా దూరం పోయి నేలకి దిగింది. ఆ మధ్యలో, గోడ వెనక, నేలకి దగ్గరగా ఉన్న బాణాలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి. గోడవైపుకి. పడమటికి. మన నాలుగు వరుసలూ సరిగ్గా ఆ చోటే ఉన్నాయి.

మేడమ్ పట్టికనీ బొమ్మనీ మార్చి మార్చి చూసి, "ఇక్కడ మైనస్ ఉండాలే, ఏమైంది?" అన్నారు.

"తీసేశాను మేడమ్. ఈడ్పు మైనస్ రాదు కదా, కారుకి..." అన్నాను.

"కారు ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఉంది ప్రవల్లికా. నీ చెట్లు గోడ వెనక ఉన్నాయి. గోడ మీంచి దూకిన గాలి వెనక చోటు ఖాళీ చేస్తే, ఆ ఖాళీలోకి అవతలి గాలి తిరిగొస్తుంది. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చెప్పింది. నువ్వు దాని నోరు మూయించావు" అన్నారు.

గోడ దాటిన గాలి వెనక్కి తిరిగొచ్చి కొట్టిందని సువర్ణరాజు మావయ్య అన్నాడని నువ్వే రాశావు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదివానో! చదివి, అయ్యో పాపం అనుకున్నాను గానీ అది ఒక మనిషి కళ్ళారా చూసి చెప్పిన సంగతి అనుకోలేదు. ఏడు గంటలు కంప్యూటర్ కట్టిన లెక్కనీ నమ్మలేదు, గాలివానలో నిలబడి చూసిన మనిషినీ నమ్మలేదు. నా ఎర్ర సిరా వాక్యాన్ని నమ్మాను.

నిన్నంతా నీకు ఫోన్ చేశాను. మొదటిసారి "ఆఁ, తిన్నావా?" అన్నావు. రెండోసారి "ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి" అన్నావు. నేను ఏడుస్తూ చెప్తుంటే జలుబు చేసిందా అని అడిగావు. పరీక్షలు లేకపోతే బస్సెక్కి వచ్చేసేదాన్ని.

ఇంకోటి నన్ను తినేస్తోంది. మేడమ్‌కి చూపించేదాకా ఎవరినీ ఏమీ అనొద్దని నీకు రాయాలనుకున్నట్టు గుర్తు. కానీ రాశానో, రాయాలనుకుని మర్చిపోయానో తెలీడం లేదు. నకలు ఉంచుకోలేదు. రాసి ఉంటే నువ్వు అలా జరగనిచ్చేదానివి కాదు. కాబట్టి రాసి ఉండను. మాటలంటే ప్రాణం అని చెప్పుకు తిరుగుతూ, అవసరమైన మాట ఒక్కటి రాయలేకపోయాను.

ఈ ఉత్తరంతో పాటు ఆ బాణాల బొమ్మ కూడా పెడుతున్నాను. మావయ్య ఎక్కడున్నాడో కనుక్కో అమ్మా. తప్పు నాదని చెప్పు.

ప్రవల్లిక


చాట్రాయి
మే 11

ప్రియమైన అమ్మలూ,

పదమూడు రోజులు ఎందుకు రాయలేదని నీకు కోపంగా ఉండి ఉంటుంది. పని పూర్తయ్యాకే రాద్దామనుకున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే బయల్దేరాను. సువర్ణరాజు హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక మామిడి యార్డులో లారీలకి కాయ ఎత్తుతున్నాడని సలోమోను చెప్పాడు. వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. లారీ కింది నీడలో కూర్చుని క్యారేజీ విప్పుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. తినమన్నా తినలేదు. నీ బొమ్మ చూపించాను. బాణాల మీద వేలు పెట్టి, గోడ దగ్గర మొదలుపెట్టి, పైకి, అవతలికి, మళ్ళీ కిందికి తిప్పి వెనక్కి తెచ్చాడు. "ఇదేనండీ. ఆ రోజు ఆకులు ఇట్టాగే తిరిగాయి" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అది ఉన్నా నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తోటకి వచ్చెయ్ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "పాప కాగితం ఆ రోజు పదిమందిలో చదివారు. ఇది కూడా ఆ పదిమందిలోనే చదవండి అమ్మగారూ. నేను మాత్రం రాను. భారతి వచ్చి వింటుంది" అన్నాడు.

అందరినీ మళ్ళీ పోగెయ్యడానికి ఇన్నాళ్ళు పట్టింది. రమణ గారికి కోతలు, రేపు మాపు అన్నారు. అందరూ వస్తేగానీ ఈ కోత సాగనివ్వనని కబురు చేశాను. నిన్న ఆదివారం వచ్చారు.

నీ కొత్త ఉత్తరం చదివాను. బొమ్మ చేతులు మారింది. రమణ గారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఓసారి తూర్పంటారు, ఓసారి పడమరంటారు. మీ అమ్మాయి లెక్కేంటండీ, పూటకోలా ఉంది?" అన్నారు. పక్క తోట వాళ్ళు నవ్వబోయి ఆగారు. పదకొండు గంపల కాయ మీ కోతలోంచి భారతికి పంపించాలి అన్నాను. ఆయన ఏదో గొణిగి సరే అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

భారతి అప్పటిదాకా గడప అవతలే నిలబడి ఉంది. "ఆ రోజు చదివిన కాగితం ఉందా అండీ?" అని అడిగింది.

ఉందన్నాను. సంచిలోనే ఉంది.

"అది కూడా ఇంకోసారి చదవండి. మా ఆయన ఏం విని వెళ్ళిపోయాడో నేను సరిగ్గా వినాలి. ఆ రోజు నా చెవులు పనిచెయ్యలేదు" అంది.

చదవడం మొదలుపెట్టాను. బంతులు, కర్రలు, గోడ. ముప్ఫై నాలుగు. తూర్పుకి. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాను. ఆ రోజు ఆ మాట దగ్గరే నా కళ్ళు కింది పేరా దాటించేశాయి అమ్మలూ. కళ్ళు అంటున్నాను, చూశావా. నేనే దాటించాను. రమణ గారు చేతులు చాపేశారు, అందరి మొహాల్లో హమ్మయ్య అనే కళ వచ్చేసింది, వచ్చే ఏడాది తోట ఎవరు తీసుకుంటారన్న దిగులు నాలో తగ్గింది. ఆ చిక్కు చదివితే మళ్ళీ మొదటికొస్తుందని కాగితం మడిచేశాను.

నిన్న మడవలేదు. మైనస్ వచ్చిందన్నది చదివాను. దిక్కు తప్పు ఇచ్చి ఉంటే అన్ని వరుసలూ తప్పాలి అన్నది చదివాను. ఎవరినీ ఏమీ అనొద్దు అన్నది చదివాను.  రమణ గారు నా వైపు చూడటం మానేసి బయటి ట్రాక్టరు వైపు చూస్తున్నారు.

భారతి, "ఈ ముక్కలు ఆ రోజు లేవండీ" అంది.

"ఉన్నాయి. నేను చదవలేదు" అన్నాను.

ఆమె గడప దాటింది. దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. కాగితం ఇచ్చాను. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ చోటు తనే ఒకసారి చదువుకుంది. నాలుగు మడతలు పెట్టి, "ఆయనకి చూపించాలండీ" అని తీసుకుని వెళ్ళిపోయింది. సువర్ణరాజు వస్తాడో రాడో నాకు తెలీదు. రమ్మని మళ్ళీ అడిగే మొహం ఇంకా రాలేదు.

తప్పు నాదని చెప్పమన్నావు. నేను అలా చెప్పలేదు. నీ లెక్క రాసిన ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గర లేదు కాబట్టి నకలు తీసి పంపలేను. కానీ నువ్వు అడిగినదానికి జవాబు ఇస్తున్నాను.

రాశావు.

మీ అమ్మ
పుష్పవతి